నాలుగు చక్రాలకు ఒకే గాలి

తొంభై ఎనిమిదో సంవత్సరం, ఆగస్టు నెలలో రెండో గురువారం, పొద్దున పదిన్నర గంటలకు, పుప్పాలగూడ అవతల కుంట ఒడ్డున యాదగిరి జీపు కూలబడింది. ఒక చక్రం పోయి, దాని వెనక ఇంకోటి పోవడం కాదు. నాలుగూ కలిసి ఒకే ఊపిరి విడిచాయి, జీపు బర్రె బురదలో కూర్చున్నట్టు కూర్చుంది.

ముప్పై ఏళ్లు పంక్చర్లు వేశాను. ఒక బండి నాలుగు చక్రాలు ఒకేసారి పోవడం అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ పని చేసింది మేకు కాదు, ముల్లు కాదు. మేము నెల రోజులు కష్టపడి, మురిసిపోతూ తయారు చేసుకున్న మా సొంత సామానే.

ఇప్పుడు దుకాణం నా కోడలు చూస్తోంది. పని నేర్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కూడా వస్తున్నారు. వాళ్ల కోసం రాయమని అడిగింది. పంక్చర్ ఎట్లా వేయాలో రాయను. అది చేతితో నేర్చుకునేది. ఆ సామాను కథ రాస్తాను. ఈ పనిలో తెలుసుకోవలసింది చాలావరకు అందులోనే ఉంది.

ఎదురుగా నిలబడొద్దు

మాది మెదక్ వైపు. మా ఆయన కొమురయ్య లారీ క్లీనరు. నడుము పట్టేసి లారీ ఎక్కలేని స్థితి వచ్చాక కొత్తగూడ చౌరస్తాలో రేకుల డబ్బా వేసి పంక్చర్ దుకాణం పెట్టాడు. కింద కూర్చుని చక్రం విప్పడం కూడా ఆయన నడుముకు చేతకాలేదు. నేను కూర్చున్నాను.

"మిస్త్రీ ఏడి?" అని అడిగేవాళ్లు వచ్చినవాళ్లు.

"నీ ముందట్నే ఉన్న. దిగు," అనేదాన్ని.

కొందరు స్కూటరు తోసుకుంటూ మియాపూర్ దాకా పోయారు గానీ నా చేత పంక్చర్ వేయించుకోలేదు. పోనీ. అరిగింది వాళ్ల చెప్పులే.

నాకు పని నేర్పింది మియాపూర్‌లో లారీ చక్రాలు చూసే యూసుఫ్ ఉస్తాద్. ఒకసారి లారీ చక్రానికి ఇనుప రింగు ఎక్కించి గాలి కొడుతుంటే, నేను ఎదురుగా వంగి చూస్తున్నాను. టైరు విప్పే ఇనుప పట్టీతో భుజం మీద ఒక్కటిచ్చాడు.

"రింగు ఎగిరితే తల లేస్తది బేటీ! పక్కకు నిలబడు. చక్రానికి ఎదురుంగ దేవుడు నిలబడ్డా జరగమను!"

ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కొట్టడం మాత్రం తప్పు. నోటితో చెప్పినా నాకు అర్థమయ్యేది. ఉస్తాద్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట రాస్తాను.

ఇంకోటి కూడా ఆయనే నేర్పాడు. చక్రం చేతికి రాగానే వాల్వు చూడాలి. నిటారుగా ఉంటే బండి బాగా నడుస్తున్నట్టు. పక్కకు వాలి ఉంటే, గాలి తక్కువ పెట్టుకుని బ్రేకులు గట్టిగా కొడుతున్నట్టు. టైరూ ట్యూబూ కలిసి చక్రం మీద జరుగుతాయి, వాల్వు ఉన్న రంధ్రం మాత్రం జరగదు. చివరికి వాల్వు మొదలు దగ్గర ట్యూబు చిరుగుతుంది. దానికి పంక్చర్ అతుకు నిలవదు. ట్యూబు పారేయాల్సిందే.

యాదగిరి నా దగ్గరకు తెచ్చిన ట్యూబులన్నీ అక్కడే చిరిగేవి.

యాదగిరికి వచ్చిన చిక్కు

యాదగిరి మా జిల్లావాడే. నన్ను అక్క అనేవాడు. సొంతానికి ఒక పాత డీజిల్ జీపు ఉండేది. దాన్ని రోడ్డు సర్వే చేసేవాళ్లకు కిరాయికి నడిపేవాడు. అప్పుడు ఆ వైపంతా రాళ్లు, తుమ్మ చెట్లు, వాన పడితే మోకాలి లోతు నల్లమట్టి. మాదాపూర్ దిక్కు ఒక అద్దాల భవనం లేస్తుంటే జనం ఆదివారాలు చూడటానికి వచ్చేవాళ్లు. సర్వేవాళ్లు మాత్రం దానికి ఎంతో దూరాన, కుంటల పక్కన కొయ్యలు పాతుకుంటూ తిరిగేవాళ్లు.

బురదలో జీపు పోవాలంటే చక్రాల్లో గాలి తగ్గించాలి. ముప్పై పౌన్ల గాలి ఉన్న చక్రం గట్టిగా ఉండి మట్టిని కోసుకుంటూ దిగిపోతుంది. పన్నెండుకు దించితే టైరు అడుగు వెడల్పయి, ఒంటె పాదంలా పరుచుకుని పైపైన పోతుంది. ఈ సంగతి యాదగిరికి తెలుసు. అగ్గిపుల్లతో వాల్వు పిన్ను నొక్కి గాలి వదిలేవాడు. ఒకదాంట్లో పది, ఒకదాంట్లో ఇరవై, తోచినంత. జీపు ఒక పక్కకు గుంజేది. తిరిగి తారు రోడ్డెక్కాక గాలి కొట్టుకోవడానికి దారిలో ఏమీ ఉండదు. అదే మెత్తటి చక్రాలతో కొత్తగూడ దాకా వచ్చేవాడు. అట్లా వచ్చే ట్యూబులు చిరిగేవి.

చిరుగుతాయని గాలి తగ్గించడం మానేశాడు. మానేశాక రెండుసార్లు కూరుకుపోయాడు. రెండుసార్లూ ట్రాక్టరు వచ్చి గుంజింది.

కాంట్రాక్టరు రాఘవరావు గారు చెడ్డవాడు కాదు. కానీ ఓపిక లేని మనిషి. "మూడోసారి ట్రాక్టరు పిలవాల్సి వస్తే ఇంక జీపు దేనికయ్యా? ట్రాక్టరే పెట్టుకుంటాను," అని చెప్పేశాడు.

ఆ మాట చెప్పడానికి యాదగిరి నా దుకాణానికి వచ్చి, టైరు మీద కూలబడ్డాడు. భార్యను, పిల్లలను అప్పుడే కొత్తగూడకు తెచ్చుకున్నాడు. పెద్దపిల్లను బడిలో వేశాడు. ఈ కిరాయి పోతే అందరినీ తీసుకుని ఊరికి పోవాల్సిందే.

"అక్కా, గాలి తీసుడు, పెట్టుడు రెండూ బురద కాడనే అయితే మంచిగుండు," అన్నాడు.

"అయితే దుకాణం ఎత్తి నీ జీపుల పెట్టుకో," అన్నాను.

వెక్కిరింపుగా అన్నాను. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎందుకు పెట్టుకోకూడదు?

లెవెల్ పైపు

సర్వే ఇంజనీరు మూర్తి గారిది భీమవరం వైపు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి కొలుస్తూ ఉండేవాడు. టీ గ్లాసు కూడా ఎత్తి చూసి సగానికి ఎక్కువుందో తక్కువుందో చెప్పేవాడు. యాదగిరి ఈ మాట చెప్పగానే తనే దుకాణానికి వచ్చాడు. చేతిలో మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవెల్ పైపు ఉంది.

"చూడండి నర్సమ్మ గారూ, ఈ చివర ఎత్తినా, ఆ చివర దించినా నీళ్లు రెండు వైపులా ఒకే మట్టానికి నిలుస్తాయి కదండీ. గాలీ అంతేనండి. నాలుగు చక్రాలనీ నాలుగు పైపులతో ఒక్కచోట కలిపేస్తే, నాలుగింటిలో ఒకే గాలి. ఒక్క మీటరు చూసుకుంటే చాలు."

నేను నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కాపురానికి కోడలిగా పోయినదాన్ని. నలుగురికి ఒకే కుండ కూడు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది.

నెల రోజులు అదే ధ్యాస. కారులో చల్లగాలి కోసం పెట్టే పాత కంప్రెసరు ఒకటి తుక్కు సామాన్ల ఖాజా భాయ్ దగ్గర దొరికింది. దానికి వెల్డింగు షాపులో ఇనుప పట్టీ చేయించి, జీపు ఇంజను పక్కన బిగించి, బెల్టు వేశాం. లారీ బ్రేకులకు ఉండే గాలి ట్యాంకు ఒకటి సీటు కింద పెట్టాం. గాలి మించితే దానంతటదే వదిలే వాల్వు నా దుకాణం పాత మిషనుది పీకి పెట్టాను. యాదగిరి ప్రెషర్ కుక్కర్ విజిలు పెడదామన్నాడు.

"అది ఆకలైనా అరుస్తది, అన్నం ఉడికినా అరుస్తది. దాని మాట నమ్మి నీ సీటు కింద పెట్టుకుంటవా?" అన్నాను.

మొదటిసారి నడిపి చూసినప్పుడు పైపు చివర అరచేయి పెట్టాను. చేయి జిడ్డయింది. ఆ కంప్రెసరు గాలితో పాటు నూనె కూడా చిమ్ముతోంది. రబ్బరుకు నూనె పడదు. ఉబ్బి, మెత్తబడి, పాడవుతుంది. మూర్తి గారు ఆలోచించి, గాలి ట్యాంకు కింది నుంచి లోపలికి పోయేట్టు, పై నుంచి బయటికి వచ్చేట్టు మార్చాడు. బరువైన నూనె అడుగున నిలుస్తుంది. అడుగున ఒక మర. రోజూ పని అయ్యాక ఆ మర తిప్పి నూనె వదిలేయాలి. ఇది ఆయన తెలివి. రోజూ వదలకపోతే ఆ తెలివి పని చేయదని యాదగిరికి పదిసార్లు చెప్పింది మాత్రం నేను.

గ్యాసు వెల్డింగుకు వాడే రబ్బరు పైపు నాలుగు ముక్కలు తీసుకున్నాం. ప్రతి పైపు చివర, కాలి పంపుకు ఉన్నట్టే, వాల్వును కరిచి పట్టుకుని, దాని పిన్నును నొక్కి ఉంచే మూతి. అవతలి చివరలు నాలుగూ ఒక ఇత్తడి డబ్బాలోకి. డబ్బాకు ఒక మీటరు, గాలి లోపలికి రావడానికి ఒక దారి, బయటికి వదలడానికి ఒక నల్లా. అంతే.

ఖాజా భాయ్ అదంతా చూసి, తుక్కులోంచి చిన్న ఇత్తడి నల్లాలు నాలుగు ఏరి తెచ్చాడు.

"పైపుకొకటి పెట్టున్రి. జర సోచాయించున్రి. ఒక్కదానికి బీమారొస్తే మిగతా మూడు ఏం గావాలె?"

"భాయ్, నల్లాలు పెడితే ఒకటి మూసి ఒకటి తెరిచి మళ్లీ తేడాలు వస్తాయండి. నాలుగూ ఒకటిగా ఉండటమే దీని అందం," అన్నాడు మూర్తి గారు.

నేనూ వంత పాడాను. ఖాజా భాయ్ వాదించలేదు. నల్లాలను జీపులో పానాలుండే పెట్టెలో వేసి, "ఉండనీ. తిండి అడగవు గదా," అని పోయాడు.

ఆ గురువారం

ఆ రోజు దుకాణానికి తాళం వేసి నేనూ పోయాను. సామాను బురదలో ఎట్లా పని చేస్తుందో చూడాలని. మధ్యాహ్నానికి రాఘవరావు గారు వచ్చి కుంట అవతల పాతిన కొయ్యలు చూస్తానన్నాడు. జీపులోనే తీసుకుపోవాలి. యాదగిరి భవిష్యత్తు ఆ ఒక్క ప్రయాణం మీద ఉంది.

మొదట అంతా పెళ్లి ఊరేగింపులా నడిచింది. ఒడ్డున ఆపి, నాలుగు పైపులూ తగిలించి, నల్లా తిప్పాం. మీటరు ముల్లు ముప్పై నుంచి మెల్లగా దిగి పన్నెండు దగ్గర ఆగింది. జీపు నాలుగు పక్కలా సమానంగా వంగింది, దండం పెట్టినట్టు. యాదగిరి బురదలోకి దిగాడు. అవతలికి పోయాడు, తిరిగి వచ్చాడు. సర్వేలో కొలబద్ద పట్టుకునే చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూర్తి గారు చప్పట్లు కొట్టాడు, చిన్నపిల్లవాడిలా.

రాఘవరావు గారిని రోడ్డు దగ్గర ఎక్కించుకోవాలి కదా. అందుకని మళ్లీ గాలి నింపుతున్నాం. కంప్రెసరు తిరగాలంటే ఇంజను నడుస్తూ ఉండాలి. ముల్లు ఇరవై దాటింది. వెనక కుడి చక్రం పైపు జారి సైలెన్సరు గొట్టం మీద పడింది. ఎవరం చూడలేదు. కమురు వాసన వచ్చింది. నేను తల తిప్పేలోపే పైపు పేలింది.

ఇంక చెప్పేదేముంది? నాలుగు వాల్వుల నోళ్లూ తెరిచి ఉన్నాయి, నాలుగూ ఒకే డబ్బాలోకి. పైపు తెగింది ఒక్కచోటే. గాలంతా ఆ ఒక్క చోటు నుంచే పోయింది.

కుంటలో బర్లను కడుగుతున్న ఐలయ్య తలెత్తి చూశాడు.

"ఏందిరా యాదగిరీ, గిట్ల పండుకున్నది? మా బర్లను చూసి నేర్సుకున్నదా ఏంది?"

యాదగిరి నవ్వలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, "ఇగ అయిపాయె అక్కా. సామాను సదురుకోవాలె," అన్నాడు. జీపు సామాను గురించి కాదు వాడు అన్నది. ఇంటి సామాను గురించి.

"ఎవడు సచ్చిండని ఏడుస్తున్నవ్? లే. పెట్టె తెరువు," అన్నాను.

పెట్టెలో నల్లాలు గలగలమన్నాయి. ఆ చప్పుడు మూర్తి గారూ విన్నాడు. ఆయన కాలిన ముక్కను కత్తితో కోసి తీసేశాడు. తెగిన రెండు కొసలను నల్లా రెండు చివరలకు నేను ఎక్కించాను. పైన ఇనుప తీగ చుట్టి పట్టకారుతో బిగించాను. పైపు అతికింది, పైగా దానికి ఒక తలుపు కూడా వచ్చింది. ఒక చిన్న వస్తువు రెండు పనులు చేసింది. చంద్రమ్మ తన కొలబద్దను సైలెన్సరుకు అడ్డంగా కట్టి పైపులను దాని మీదికి ఎత్తింది. ఎవరూ చెప్పకుండానే.

యాదగిరి ఇంజను వేశాడు. ముల్లు కదలడం మొదలయింది. నాలుగు ఖాళీ టైర్లు, ఒక చిన్న మిషను. మెల్లగా, మెల్లగా.

అప్పుడే రాఘవరావు గారి కారు గట్టు మీద ఆగింది. రోడ్డు దగ్గర జీపు కనబడక ఆయనే వచ్చేశాడు. దిగి, కూర్చున్న జీపును, నాలుగు పైపులను, మమ్మల్ని చూశాడు.

"ఏంటయ్యా ఇది? జీపుని ఆసుపత్రిలో చేర్పించారా? నాలుగు చేతులకీ సెలైన్లు ఎక్కిస్తున్నారు!"

ఐలయ్య పగలబడి నవ్వాడు. యాదగిరి మొహం చిన్నబోయింది.

"మూర్తీ, ట్రాక్టరు మణికొండలోనే ఉంది. కబురు పెట్టెయ్యనా?"

"వద్దండి. పైపు తెగింది. అందులో డ్రైవరు తప్పేం లేదండి, నల్లాలు వద్దన్నది నేనే," అన్నాడు మూర్తి గారు.

"నేను సుత వద్దన్న," అన్నాను. "జర కూసోండి సారు. రోగి లేస్తున్నడు, సూడున్రి."

ఆయన నన్ను చూశాడు, ఈమె ఎవరన్నట్టు. ఏమనుకున్నాడో, బండ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. కాసేపు వాచీ చూశాడు. తర్వాత వాచీ మానేసి చక్రాలు చూశాడు. గాలి ఎక్కుతున్న టైరును చూడటం మొదలుపెడితే మనిషి కళ్లు తిప్పలేడు. నా దుకాణంలో ఎంత తొందరలో వచ్చినవాళ్లైనా అంతే. జీపు నాలుగు మూలలా సమానంగా, పురిటి మంచం మీది నుంచి బాలింత లేచినట్టు, జాగ్రత్తగా లేచింది.

"పన్నెండండి," అన్నాడు మూర్తి గారు. "బురదకి ఇది చాలు."

పైపులు తీశాం. యాదగిరి చేతులు తుడుచుకుని, "కూసోండి సారు," అన్నాడు. రాఘవరావు గారు ముందు సీట్లో కూర్చుని పైనున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. జీపు బురదలోకి దిగింది. మేం నలుగురం ఒడ్డున నిలబడ్డాం. ఐలయ్య కూడా బర్లను కడగడం ఆపి వచ్చాడు. మధ్యలో ఒకచోట వెనక చక్రాలు జారాయి. చంద్రమ్మ నా మోచేయి పట్టుకుంది. యాదగిరి తొందరపడలేదు. బండిని గుంజలేదు. దాన్ని పోనిచ్చాడు. అది పోయింది.

కొయ్యలు చూసి తిరిగి వచ్చాక మేమూ జీపెక్కాం, కారు వెనక వచ్చింది. తారు రోడ్డు మొదట్లో జీపు ఆపి మళ్లీ పైపులు తగిలించాం. ముప్పైకి వచ్చేదాకా రాఘవరావు గారు పక్కనే నిలబడ్డాడు. అయ్యాక, తన కారు వైపు చేయి చూపించి, "మా వెనక చక్రం పొద్దున్నించీ కొంచెం మెత్తగా ఉందమ్మా. ఓ చెయ్యి వేస్తావా?" అన్నాడు.

వేశాను. వాల్వు పక్కకు వాలి ఉంది.

"బ్రేకులు గట్టిగ కొడ్తవా బిడ్డా?" అని కారు డ్రైవరును అడిగాను.

"నేను కొట్టనమ్మా, సారు కొట్టిస్తడు," అన్నాడతను. రాఘవరావు గారే ముందు నవ్వాడు.

కారెక్కుతూ అద్దం దించి, "యాదగిరీ, రేపు ఆ రాళ్ల దిక్కు పోవాలి. పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు. ట్రాక్టరు మాట ఎత్తలేదు. ఆ పని అయ్యేదాకా మళ్లీ ఎత్తలేదు.

నాలుగు అక్షరాలు

ఆ సాయంత్రమే మిగతా మూడు నల్లాలూ బిగించాం. కుండ ఒకటే అయినా ఎవరి గదికి వాళ్ల గడియ ఉండాలని ఉమ్మడి కాపురం చేసిన నాకు తట్టకపోవడం నాకే వింత. మనసుకు నచ్చిన సామానులో లోపం కనబడదు. పిల్లలూ, మీరు ఏదైనా తయారు చేసినప్పుడు, దాన్ని మెచ్చుకోని మనిషిని ఒకరిని వెతికి చూపించండి. ఆయన ఇచ్చింది పారేయకండి.

ఏ నల్లా ఏ చక్రానిదో తెలియాలని మూర్తి గారు వాటి మీద ఎర్ర రంగుతో రాశాడు. ముందుదానికి 'ము', వెనకదానికి 'వె', ఎడమకు 'ఎ', కుడికి 'కు', ఒక్కో నల్లాకు రెండేసి. నాకప్పుడు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. యాదగిరిని అడిగాను. వాడు ఒక్కొక్క నల్లా పట్టుకుని చెప్పాడు. నేను నేర్చుకున్న మొదటి అక్షరాలు అవే. తర్వాత కొత్తగూడ బడిలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. పంతులమ్మ 'అ'తో మొదలుపెట్టబోయింది. నాకు నాలుగు వచ్చని చెప్పి రాసి చూపించాను. ఇవెక్కడివమ్మా అని అడిగింది. జీపువి అన్నాను.

యాదగిరి పెద్దపిల్ల అదే బడిలో పదో తరగతి దాకా చదివింది.

ఆ గురువారం అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాసి ఆపేస్తాను. డ్రైవరు యాదగిరి. ఇంజనీరు మూర్తి గారు. కొలబద్ద చంద్రమ్మ. బర్ల ఐలయ్య. కాంట్రాక్టరు రాఘవరావు గారు. ఆయన కారు డ్రైవరు ఒకడు, పేరు అడగలేదు, అడగాల్సింది. ఖాజా భాయ్ ఆ రోజు రాలేదు, కానీ ఆయన నల్లా వచ్చింది కాబట్టి ఆయన పేరూ రాస్తున్నాను. ఇంక నేను, నర్సమ్మ.